గరిటె మీద పేరు

యుద్ధం తొమ్మిదో ఏడు, 211వ రోజు

ఈ పుస్తకంలో లెక్కలు మాత్రమే రాయాలని నాకిచ్చిన ఆదేశం. ఎన్ని తయారయ్యాయి, ఎన్ని పరీక్షించాం, ఎన్ని పాసయ్యాయి. లెక్కలూ రాస్తాను, మిగతాదీ రాస్తాను. నచ్చనివాళ్ళు ఆ పేజీలు చింపుకోవచ్చు. కాగితం కరువు గనక చింపరని నా నమ్మకం.

తయారైనవి నలభై. పరీక్షించినవి రెండు. పాసైనవి రెండు.

పరీక్ష అంటే ఇదీ. కార్ఖానా వెనక సరుగుడు బొంగులతో కట్టిన చట్రం ఉంది. ఇరవైలో ఒక తుపాకీని తీసి కొబ్బరితాడుతో దానికి కట్టేస్తాం. ట్రిగ్గర్‌కి పురికొస ముడివేసి, ఇసుక బస్తాల వెనక కూర్చుని లాగుతాం. ఐదుసార్లు పేలి, గొట్టం చీలకుండా ఉంటే ఆ ఇరవైకీ సున్నంతో చుక్క పెడతాం. ఆరోసారి లాగకూడదు. 'ఆయుధ జీవితకాలం: ఐదు తూటాలు' అని మంత్రిత్వశాఖ కాగితం మీద అచ్చువేసి ఉంది. ఐదే ఎందుకని వచ్చిన రోజే అడిగాను. మేస్త్రి గవరయ్య తల గోక్కున్నాడు.

"ఐదు కాల్చేదాకా బతికుంటాడేటి పంతులమ్మా, దాన్నట్టుకున్నోడు?"

పరాచికం అనుకోకండి. ఆ కాగితం రాసినవాడి లెక్క కూడా ఇదే. గవరయ్య పైకి అన్నాడు, వాడు అనలేదు, అంతే తేడా.

ప్రభుత్వం దీనికి పెట్టిన పేరు జనరక్ష. చేసేవాళ్ళు గరిటె అంటారు. కంచుపేటలో మూడు తరాలుగా స్టీలు సామాన్లు చేసిన చేతులివి. కంచాలు కొట్టిన ప్రెస్సు మీదే ఇప్పుడు తుపాకీ రేకు ఒత్తుతున్నారు. టిఫిన్ క్యారేజీ గిన్నెల్ని పట్టి ఉంచే కొక్కెమే తూటా పెట్టాక వెనక తలుపు మూస్తుంది. గొట్టం మాత్రం కూలిన ఇళ్ళలోంచి పీకిన నీళ్ళ పైపు. తుపాకీ మందుని కూరగాయల త్రాసులో తూస్తాం. గోడ నీడ చూసి భోజనానికి లేస్తాం. చిప్పు ఉన్న ఏ వస్తువు కనపడినా తూనీగలు, అంటే శత్రువు ఎగరేసే డ్రోన్లు, వచ్చి వాలతాయి, వాలిన చోట ఏమీ మిగలదు. ఆరో ఏట మన తెలివైన ఆయుధాలన్నీ ఒకే మధ్యాహ్నం శత్రువుల, అదే మేం ఎగువవాళ్ళు అనేవాళ్ళ, మాట వినడం మొదలుపెట్టాయి. ఆ సాయంత్రానికి ఊరూరా గడియారాలు, ఫోన్లు బావుల్లో పడ్డాయి. అంతకుముందు రోజు వరకూ 'విజయం ఇక వారాల్లోనే' అని రేడియో చెప్పింది. రేడియో కూడా బావిలోనే ఉంది.

నేను తుపాకుల మనిషిని కాదు. ఈ యుద్ధం రాకముందు రెండేళ్ళు, వచ్చాక తొమ్మిదేళ్ళు ఇది వద్దని రాసినదాన్ని. అందులో రెండున్నరేళ్ళు జైలు గోడల మీద రాశాను. చదవడం, రాయడం వచ్చినవాళ్ళు సరిపోక 'అక్షరాస్యుల భర్తీ' కింద నన్ను బయటికి తీసి, పరీక్షాధికారి అని పేరుపెట్టి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎందుకు ఒప్పుకున్నావని లోపలున్న మిత్రులు ఉమ్మేస్తారని తెలుసు. తుపాకీ పట్టినవాణ్ణి ఆ తుపాకీయే చంపకుండా చూడటం యుద్ధానికి మద్దతు ఎలా అవుతుందో వాళ్ళే చెప్పాలి. నేను వాదించగలను. రమ్మనండి.

218వ రోజు

ఇవాళ కాపలాదళం వాళ్ళు మొదటిసారి సరుకు తీసుకోవడానికి వచ్చారు. దళం అంటే నలభై దాటిన మగవాళ్ళు, పిల్లలు ఎదిగిన ఆడవాళ్ళు. కుర్రవాళ్ళు అయిపోయారు. 'అయిపోయారు' అనే రాస్తున్నాను, ఇంకో మాట లేదు.

కార్ఖానా ముందు పాత దుకాణం బల్ల ఉంది. అక్కడే ఇస్తాం. వరుసలో మొదటివాడు బుడుమూరు సన్నాసి, యాభై ఐదేళ్ళవాడు, చెరువుల్లో వలేసి బతికినవాడు. తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు.

"పేరు కొట్టించనేదే?"

"నంబరుంది కదా, సన్నాసీ," అన్నాను.

"నంబరు నాదేటి? దీనిది. మా ఇంట్లో చెంబు మీద మా అమ్మ పేరుంది. పెళ్ళికి పది గిన్నెలు ఎరువిస్తే పదీ తిరిగొచ్చేవి, పేరుండబట్టి. నాను పడిపోతే ఇది నాదని ఎలగ తెలుస్తాది?"

వెనకనుంచి ఒక ఆడమనిషి నవ్వింది. "నువ్వు పడిపోతే గరిటె తిరిగొస్తాది గానీ నువ్వొస్తావేటి మావా?"

"అందుకే పేరంటన్నాను. గరిటొస్తే నాను పోనానని మా ఇంటిదానికి తెలుస్తాది గదే!"

పాత రోజుల్లో ప్రతివాడి చేతి చర్మం కింద గుర్తింపు చిప్పు ఉండేది. తూనీగల భయానికి కత్తితో తీసేయించుకున్నారు. ఇప్పుడు ముందువరసలో పడిపోయినవాడు ఎవడో ఎవరికీ తెలియదు. మంత్రిత్వశాఖ మాత్రం పోయిన తుపాకుల జాబితా ప్రతి వారం పంపుతుంది. మనుషుల జాబితా ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు.

బల్ల చివర తవిటమ్మ కూర్చుని ఉంది. అరవై ఏళ్ళ మనిషి. గిన్నె కొన్నవాళ్ళకి దాని మీద పేరు చెక్కి ఇవ్వడం నలభై ఏళ్ళుగా ఆమె పని. భర్త నేర్పాడట. పేర్లు తప్ప ఇంకేదీ ఆమెకి చదవడం రాదు. వాక్యం చూపిస్తే అందులో పేరు ఎక్కడుందో వెతుకుతుంది. కార్ఖానా తుపాకులకి మళ్ళాక పనిలేక రేకుల అంచులు ఆకురాయితో నున్నగా చేస్తోంది. సన్నాసి మాట విని, అడగకుండానే సంచీలోంచి సుత్తి, శలాక తీసింది.

"ఇటియ్యి బావూ. ఇంటిపేరు ముందా, ఎనకా?"

231వ రోజు

పదకొండేళ్ళలో నా మొదటి గెలుపు. నవ్వకండి.

సన్నాసి పేరు అడిగిన సాయంత్రమే మంత్రిత్వశాఖకి ఒక వినతిపత్రం రాశాను. అది వినతిపత్రం కాదు, నాకు విన్నవించుకోవడం రాదు, వ్యాసమే రాశాను. 'మీరు ఇనుముని లెక్కపెడుతున్నారు, మనిషిని లెక్కపెట్టడం మానేశారు. ప్రతి తుపాకీ మీదా దాన్ని పట్టిన మనిషి పేరు ఉండాలి. మీకు ఇనుము మీదే మమకారమైతే, ఇనుముతో పాటు పేరు కూడా మీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు చదవక తప్పదు' అని. మళ్ళీ జైలుకి సంచీ సర్దుకున్నాను. జవాబు వచ్చింది: ఆమోదించడమైనది.

అప్పటినుంచి ఇచ్చే ప్రతి గరిటె మీదా పేరే. పేరుని చుక్కలుగా పొడిచే కరెంటు సూది ఉన్న రోజుల్లో తవిటమ్మ చుక్కలు వెంట్రుక మందం ఉండేవట. ఇప్పుడు సుత్తి దెబ్బే. క్యారేజీకి మూత దగ్గర కొట్టే అలవాటు కొద్దీ, గొట్టం మొదట్లో, తూటా కూర్చునే చోట, రేకు కప్పని ఆ నున్నటి జాగాలో కొడుతోంది. కంటికి ఎదురుగా ఉంటుంది, చెయ్యి తగిలి అరగదు. మొదటి వారం పేర్లు పైపైనే ఉన్నాయి. నేనే అన్నాను, లోతుగా కొట్టమని. మంటలో పడినా, ఏడాది బురదలో నానినా చెరగకూడదన్నాను. సన్నాసిదానితో సహా మొదట కొట్టినవాటిని కూడా తెప్పించి, మళ్ళీ లోతుగా కొట్టించాను.

"గట్టిగా కొడితే సరిపోద్ది పంతులమ్మా, నీ నోట్లాగ," అంది తవిటమ్మ.

వరుస ఇప్పుడు తిరునాళ్ళలా ఉంటోంది. తండ్రి పేరు కూడా కావాలని ఒకడు. మొగుడి పేరు వద్దు, నా ఒక్కదాని పేరే వెయ్యమని ఒకామె. ఆమె కోసం నేను బల్ల మీద గుద్ది మరీ గెలిచాను, ఎదుటివాళ్ళెవరూ లేకపోయినా. మా దళంలో పేరున్న గరిటె లేనివాడు చిన్నబోతున్నాడు. చేరడానికి కొత్తవాళ్ళు కూడా వస్తున్నారని గవరయ్య అన్నాడు. తరవాత అంచున చేర్చినది: ఆ చివరి మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

249వ రోజు

బుడుమూరు సన్నాసి గరిటె తిరిగొచ్చింది.

తెచ్చింది ఆయన భార్య. ఆయన కూడా వచ్చాడు, కుడిచేయి మణికట్టు దాకా లేకుండా, కళ్ళకి గుడ్డతో. ఎగువవాళ్ళు ఎవరూ ఆయన్ని తాకలేదు. మన ముందువరస ఉన్న ఉత్తరం గట్టు మీద రెండుసార్లు కాల్చాడు. మూడోసారి తుపాకీ వెనక్కి పేలింది.

"కంచుపేట పని అంటే మూడు తరాలు తిరుగులేదన్నారు," అంది ఆమె. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

గొట్టం అరటిపువ్వులా విచ్చుకుంది. గవరయ్య దాన్ని కడిగి నా ముందు పెట్టాడు. పగులు ఎక్కడ మొదలైందో చూడటానికి కళ్ళజోడు అక్కర్లేదు. చుక్క నుంచి చుక్కకి, అక్షరం నుంచి అక్షరానికి, దారం గుచ్చినట్టు పేరు వెంబడే చీలింది.

"దీనికి సున్నం చుక్కుంది. పాసయ్యింది," అన్నాను.

గవరయ్య నా వంక చూశాడు. చూస్తూ ఉండగానే నాకు అర్థమైంది, ఆయనకీ అప్పుడే అర్థమైంది.

మేం పేరు లేని తుపాకీని పరీక్షిస్తాం. పేరు ఆ తరవాత, బల్ల దగ్గర, మనిషి వచ్చాక పడుతుంది. ఎందుకంటే కంచుపేటలో ఎవరూ అమ్ముడుపోని గిన్నె మీద పేరు కొట్టరు. ఎవరిదో తెలియకుండా పేరేమిటి? మూడు తరాల పద్ధతి. తుపాకీ గిన్నె కాదని మాలో ఒక్కరికీ తట్టలేదు. పద్ధతులన్నిటినీ ప్రశ్నించడమే బతుకుతెరువుగా ఉన్న నాకూ తట్టలేదు.

250వ రోజు

పేరు లేనిది ఒకటి, పరీక్ష కోసమే పేరు కొట్టించినది ఒకటి చట్రానికి కట్టాం. పేరు లేనిదాన్ని నిబంధన మీరి తొమ్మిదిసార్లు పేల్చాను, నిలిచింది. పేరు ఉన్నది మూడోసారికి చీలింది. ఇంకో జత. పేరున్నది నాలుగోసారికి.

"పైపు నాలుగు మిల్లీమీటర్ల మందం కావాలని మూడుసార్లు రాయించినాను," అన్నాడు గవరయ్య. "రెండున్నర పంపినారు. నాలుగుంటే తవిటమ్మ పేరు కాదు, పురాణం కొట్టినా ఏటీ కాదు."

నిజమే. పైపు పల్చన, అది వాళ్ళ తప్పు. పల్చటి పైపు మీద లోతుగా కొట్టించాం, అది నా తప్పు. రెండు తప్పుల మధ్య సన్నాసి చేయి పోయింది. ఇలా పేరు పడినవి మొత్తం ఆరువందల పన్నెండు ఉన్నాయి, ఆరువందల పన్నెండు మంది చెంపల పక్కన. వెనక్కి పిలవమని ఇవాళే రాశాను. మొదటిసారి వ్యాసం రాయలేదు. రెండు వాక్యాలు రాశాను.

256వ రోజు

మంత్రిత్వశాఖ నుంచి నిరంజన్ అనే అధికారి సైకిల్ మీద వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా. ఈ రోజుల్లో బొగ్గు ఎక్కడ దొరికిందో. నా పరీక్షల కాగితం అంతా శ్రద్ధగా చదివాడు.

"చాలా బాగా రాశారు, సుభాషిణి గారూ. వెనక్కి పిలవాల్సిందే. అనుమానం లేదు."

నేను ఊపిరి పీల్చుకున్నాను.

"కాకపోతే కారణం అనే గడి ఒకటుంది. అది ఖాళీగా ఉంటే ఉత్తర్వు కదలదు. పైపు అని రాయలేం, పైపు మేం పంపింది. నమూనా అని రాయలేం, నమూనా మాది. పేరు చెక్కడం అని రాయలేం, దాన్ని మేం ఆమోదించాం."

"మరి?"

"విద్రోహం అని రాయవచ్చు. చెక్కే మనిషి అనుమతించినదానికన్నా లోతుగా కొట్టింది."

"అనుమతించిన లోతు ఎంత?"

"ఇవాళ నిర్ణయిస్తాం. పోయిన నెల తేదీతో."

ఇంత నిజాయితీగా అబద్ధం చెప్పేవాణ్ణి నా జీవితంలో చూడలేదు. లోతుగా కొట్టమన్నది నేను, గడిలో నా పేరు రాసుకోండి అన్నాను. అరిచాను కూడా. ఆయన సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పోస్టరు. పైన పెద్ద అక్షరాల్లో 'నీ పేరు నీ ఆయుధం మీద'. దాని కింద నా వ్యాసం. అందులో మంత్రిత్వశాఖని తిట్టిన వాక్యాలు లేవు. 'మనిషి', 'పేరు', 'లెక్క' అన్న మాటలున్న వాక్యాలే మిగిల్చారు. అన్నీ నావే. ఒక్క అక్షరం మార్చలేదు. అట్టడుగున నా సంతకం.

"పన్నెండు జిల్లాల్లో అంటించాం. భర్తీ రెట్టింపయింది. ఇదివరకు పారిపోయేవాళ్ళు, ఇప్పుడు పేరు కోసం వస్తున్నారు. మీరు తప్పు చేశారని మేం చెప్పలేం, సుభాషిణి గారూ. మీరు చేయలేరు."

యుద్ధం వద్దని పదకొండేళ్ళు రాశాను. పదిమంది కూడా యుద్ధం మానలేదు. ఒక్క వ్యాసం, అందులో సగం, ఎన్ని వేలమందిని గట్టు మీదికి తోలిందో.

"రేపు సాయంత్రం దాకా ఉంటాను," అన్నాడు నిరంజన్. "సంతకం పెడితే అప్పుడే ఉత్తర్వు బయలుదేరుతుంది. పెట్టకపోతే తుపాకుల్లో లోపం లేనట్టే. లోపం లేనిదాన్ని వెనక్కి ఎలా పిలుస్తాం?"

257వ రోజు

పొద్దున్నే తవిటమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో గంటెలు తోముతోంది. బూడిద లేదు, ఇసుకతో. ఉన్నదంతా చెప్పాను, పోస్టరుతో సహా. విద్రోహానికి యుద్ధ న్యాయస్థానం వేసే శిక్ష ఏమిటో కూడా చెప్పాను.

ఆమె తోమడం ఆపలేదు. "నాను లోతుగా కొట్టినానా, నేదా?"

"కొట్టావు. నేను కొట్టమన్నాను."

"నువ్వు అన్నావు గానీ సుత్తి నాది. సన్నటి రేకు మీద ఎంత కొట్టాలో నాకు తెలీదేటి? నలభై ఏళ్ళ నుంచి కొడతన్నాను. ఒక్క గిన్ని చిల్లు పడ్నేదు. పైపు కదా, గట్టిదనుకున్నాను." గంటె కడిగి బోర్లించింది. "నువ్వు సంతకం పెట్టాల్సిన ఆ కాయితం తెచ్చినావా?"

ఇచ్చాను. చదవమంటుందనుకున్నాను. తనే వేలు పెట్టి, వరుస వెంబడి నెమ్మదిగా జరిపి, మూడో వరుస మధ్యలో ఆపింది.

"ఇదిగో, నాను." ఇంకాస్త జరిపింది. "మళ్ళీ నాను. ఓలమ్మ, మూడుసార్లు ఏసినారే! ఆ సన్నాసి పేరు ఎక్కడ?"

"లేదు."

"చెయ్యి పోనాది ఆడికి, పేరు నాదా?" అని నవ్వింది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. వాదన మొదలుపెట్టాను. సంతకం పెట్టను, పై అధికారుల దగ్గరికి నడిచి వెళతాను, పైపు మందం కొలిచి గోడల మీద రాస్తాను, ఊరంతటినీ కూడగడతాను.

"ఎన్ని రోజులు పడతాది అదంతా?"

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను, రెండో చేతికి వచ్చాను.

"ఆరొందల మంది, పంతులమ్మా. అందరి పేర్లూ నా సేత్తో కొట్టినాను. ఒకరిద్దరివి మర్సిపోనాను గానీ మిగతావి అడుగు, సెప్తాను. రోజుకొకడి సెయ్యి పోతాంటే నువ్వు గోడ మీద రాస్తాంటావా? సంతకం పెట్టీ."

"నిన్ను చంపుతారు, తవిటమ్మా."

"ఇనపడింది. ఒకసారి సెప్పినావు కదా."

గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. మంత్రిత్వశాఖ మీద కాదు, ఆమె మీద. పోట్లాడకుండా ఒప్పుకున్నందుకు. అది తప్పుడు కోపమని అప్పుడూ తెలుసు. నేను పోట్లాడితే ఆమె బతుకుతుంది, ఆరువందల మంది ఆగాలి. ఒప్పుకుంటే వాళ్ళు బతుకుతారు. నాకు తెలిసిన సిద్ధాంతాలన్నీ తిరగేశాను. అన్నీ ఎవడో ఒకణ్ణి ముందుకు నెట్టాకనే మొదలవుతాయి.

మధ్యాహ్నం సంతకం పెట్టాను. కలం నిరంజన్ ఇచ్చాడు. ఆయనే సైకిల్ వెనక తవిటమ్మని కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. సుత్తి, శలాక సాక్ష్యం కింద గుడ్డలో చుట్టి తీసుకున్నాడు. సందు మలుపులో ఆమె గట్టిగా అంటోంది, "మెల్లగా తొక్కు బావూ, గుంతలున్నాయి."

271వ రోజు

అబద్ధం పనిచేసింది. అది రాయకపోతే నేను కూడా నిరంజన్‌నే. ఆరువందల పన్నెండులో ఐదువందల ముప్పై ఒకటి తిరిగొచ్చాయి. మిగతావి మనుషులతో పాటు గట్టు మీదే ఉన్నాయి. తిరిగి ఇచ్చినవాళ్ళలో చాలామంది ఏడ్చారు, పేరు పోతోందని. ఒకాయన గరిటెని కావలించుకుని వదలలేదు. అది ఆయన్ని చంపుతుందని చెప్తే, "ఇదొక్కటే నాదమ్మా," అన్నాడు.

ఇనుము కుప్పపోసి కరిగిస్తారనుకున్నాను. కరిగించడానికి బొగ్గు లేదట. ఉత్తర్వు వచ్చింది: విద్రోహి చెక్కిన గుర్తులను ఆకురాయితో పూర్తిగా తొలగించి, తనిఖీ చేసి, తిరిగి జారీ చేయవలెను.

గవరయ్య ఉత్తర్వుని రెండుసార్లు చదివించుకున్నాడు. "రెండున్నర మందం. చుక్క లోతు అరకి మించి ఉంది. అది పోయేదాకా అరగదీస్తే ఇంకేటి మిగుల్తాది? దానికన్నా ఆ పేరే నయం కదా!"

అరగదీసిన గొట్టాన్ని చట్రానికి కట్టాం. రెండోసారికి చీలింది. మళ్ళీ రాశాను మంత్రిత్వశాఖకి. కారణం అనే గడిలో ఈసారి 'మీరు' అని రాశాను. జవాబు రాలేదు. పెట్టెలు ఎత్తే బళ్ళు మాత్రం వచ్చాయి. పొడి చేసిన ఇనుము కార్ఖానా నేల మీద బూడిదలా పేరుకుంది. సాయంత్రం ఊడ్చాం. రేపు మళ్ళీ ఊడవాలి.

284వ రోజు

యుద్ధ న్యాయస్థానానికి తూటాలు దండగ చేసే స్తోమత కూడా లేదని ఇవాళే తెలిసింది. శిక్ష పడినవాళ్ళందరినీ ఉత్తరం గట్టుకి పంపుతున్నారు. దారిలో ఆయుధం తీసుకునేది మా బల్ల దగ్గరే. ముప్పై ఎనిమిది మంది, వాళ్ళ మీద కాపలాకి ఒక హవల్దారు. వరుసలో ఏడో మనిషి తవిటమ్మ.

జుట్టు కత్తిరించేశారు. దానివల్ల చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. నన్ను చూసి, "ఏటి పంతులమ్మా, సిక్కిపోనావు. తింటన్నావా?" అంది.

గరిటె అందించాను. ఆమె తీసుకోగానే బొటనవేలు ఆకురాయితో అరగదీసిన చోటికే వెళ్ళింది. అటూ ఇటూ జరిపింది.

"ఎంత పల్సన సేసేసినారు! ఎవులు సేసినారీ పని? గవరయ్యా? పేల్తాది ఇది."

"పేలుతుంది," అన్నాను. "విను. కాల్చకు. ఎవరు అరిచినా, ఎవరు ఎదురొచ్చినా ఆ ట్రిగ్గర్ జోలికి పోకు. పట్టుకుని నిలబడు, చాలు."

"నాను కాల్చను, సరే. అటేపోడికి ఎవులు సెప్తారు?"

పదకొండేళ్ళలో ఎన్నో ప్రశ్నలకి జవాబు రాశాను. గట్టుకి అటువైపు ఉన్నవాడు చదవడానికి ఒక్క వాక్యం రాయలేదని అప్పుడు తట్టింది. వాడి బల్ల దగ్గర కూడా ఎవరైనా కూర్చుని ఉంటారా? ఆమె పోన్లే అన్నట్టు నా భుజం తట్టి పక్కకి జరిగింది. ఓదార్చాల్సింది నేను.

ఆమె తరవాతివాడికి చెప్పాను, కాల్చవద్దని. ఆ తరవాతావిడకి చెప్పాను. ముందు వెళ్ళిన ఆరుగురినీ వెనక్కి పిలిచి చెప్పాను. గొంతు తగ్గించలేదు. దళంలో ఉన్నవాడితో 'కాల్చకు' అన్నందుకు శిక్ష ఏమిటో నాకు తెలుసు, ఇది ఎవరూ కష్టపడి కనిపెట్టనక్కర్లేకుండా నా చేత్తోనే రాస్తున్నాను. చిత్రం ఏమిటంటే ఒక్కరూ నాతో వాదించలేదు. ఎందుకని అడగలేదు. తలూపి తీసుకున్నారు.

హవల్దారు చింతాడ అప్పన్న బల్ల దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఒక కన్ను పొర కమ్మింది.

"ఏటమ్మా ఆళ్ళకి సెప్తన్నావు ఇందాకట్నించి?"

"ఈ తుపాకులు వెనక్కి పేలతాయని చెప్తున్నాను. కాల్చవద్దని చెప్తున్నాను. రాసుకోండి. నా పేరు బోయిన సుభాషిణి."

అతను రాసుకోలేదు. వరుస వంక చూశాడు, నా వంక చూశాడు. మెల్లగా భుజం మీది తుపాకీని దించి బల్ల మీద పెట్టాడు.

"నాదో?"

గొట్టం మొదట్లో చూశాను. ఆకురాయి తళుకు. దాని కింద, ఎంత అరగదీసినా పోని ఒకటి రెండు చుక్కలు, ఎవరివో.

"మీది కూడా," అన్నాను.

అప్పన్న తుపాకీని మళ్ళీ భుజానికి తగిలించుకోలేదు. తోకపట్టి తీసే చచ్చిన ఎలకలా, ఒంటికి దూరంగా చెయ్యి చాపి పట్టుకుని "పదండి" అన్నాడు. వెనక ముప్పై ఎనిమిది మందీ తమ తుపాకుల్ని అలాగే చాపి పట్టుకున్నారు. తవిటమ్మ ఏడో మనిషి. ఉత్తరం దారిన, ఎండలో, మన సైన్యం అలా వెళ్ళింది.